పెద వాల్తేరు మేడ మీది తుక్కు క్లాసు: నాలుగు ఆదివారాలు వెళ్లొచ్చాక

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానో కింద రాశాను, అది వదిలేయకండి, ముఖ్యంగా నాలుగేళ్లలోపు పిల్లలున్నవాళ్లు.

పారేసే వస్తువులతో పిల్లల చేత బొమ్మలూ ఆటవస్తువులూ చేయించే ఈ క్లాసుకి బోర్డు లేదు, పేరూ లేదు. విశాఖ పెద వాల్తేరులో పోలమాంబ అమ్మవారి గుడి దాటాక ఒక సందులో, రిటైరైన డ్రాయింగ్ టీచరుగారు తమ ఇంటి మేడ మీద, రేకుల షెడ్డు కింద, ఆదివారం పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా నడుపుతున్నారు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో తుక్కు క్లాసు అన్నారు, అదే స్థిరపడిపోయింది, ఇప్పుడు ఆవిడ కూడా అలాగే అంటున్నారు. ఒక్కో పిల్లకి రూ.400. వెంట వచ్చే పెద్దవాళ్లకి ఫీజు లేదు కానీ ఊరికే కూర్చోనివ్వరు, వాళ్లూ చెయ్యాల్సిందే. ఫోన్లు మెట్ల దగ్గర ఒక పాత బియ్యం డబ్బాలో వేసి పైకెక్కాలి. ఆ డబ్బా చూసి మా ఆయన మొహం ముడుచుకున్నారు, క్లాసు అయ్యేసరికి దాని సంగతే మర్చిపోయి ఇంటి దాకా వచ్చి, ఫోను కోసం మళ్లీ వెనక్కి వెళ్లారు.

మేం ఎందుకు వెళ్లామో చెప్పాలి. మా వాడికి ఆరేళ్లు. చేతికి తడి అంటితే సహించడు. పెరుగన్నం వేలితో ముట్టుకోడు, చెంచా కావాలి. ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే తడి ఇసుకలో కాలు పెట్టకుండా నా చంకెక్కి కూర్చుంటాడు, విశాఖలో పుట్టి పెరుగుతున్న పిల్లాడు! డాక్టరుగారు కంగారు పడాల్సిందేమీ లేదన్నారు, రకరకాల వస్తువులు ముట్టుకోనివ్వండి, బలవంతం మాత్రం చెయ్యొద్దు అన్నారు. సరే అని పోయిన వేసవిలో ఒక సమ్మర్ క్యాంపులో చేర్చాం. పనికిరాని వస్తువులతో కళాఖండాలు అని పెద్ద ఫ్లెక్సీ. ఐదు రోజులకి మూడు వేలు. తీరా చూస్తే ఖాళీ సీసాలు కూడా కొత్తవే కొని తెచ్చారు. పాతిక మంది పిల్లలు పాతిక పెంగ్విన్లు చేశారు, అన్నీ ఒకేలా, కళ్లు ఎక్కడ అతికించాలో కూడా ముందే చుక్క పెట్టి ఇచ్చారు. మా వాడి పెంగ్విన్ సగం అక్కడి ఆయమ్మ చేసిందే. ఇంటికి తెచ్చి షోకేసులో పెట్టాం. ఇంతవరకూ వాడు దాన్ని ఒక్కసారి కూడా చేతిలోకి తీసుకోలేదు.

నాకు బాధ అనిపించింది అక్కడే. తుక్కుతో ఆడుకోవడంలో ఉన్న సుఖమేంటంటే పాడైపోతుందన్న భయం ఉండదు, పిసకొచ్చు, విరగ్గొట్టొచ్చు, మళ్లీ చేసుకోవచ్చు. దాన్ని కూడా అద్దాల వెనక పెట్టేస్తే ఇంక పిల్లాడికి మిగిలేదేంటి?

ఇక్కడ మొదటి ఆదివారం జిగురూ లేదు, కత్తెరా లేదు. టీచరుగారు ఒక పాత దిండు గలీబు తెచ్చి మధ్యలో పెట్టారు. లోపలికి చూడకూడదు. చెయ్యి పెట్టి ఒకటి పట్టుకోవాలి, పేరు చెప్పకూడదు, ఎలా ఉందో చెప్పాలి. అంతే ఆట. అందులో ఏమున్నాయో తర్వాత తెలిసింది, ఎండిన బీరపీచు, కొబ్బరి చిప్ప, అరిగిపోయిన టూత్‌బ్రష్షు, గోనె ముక్క, జాలారిపేట నుంచి తెచ్చిన చినిగిన వల, ఆ వలకి కట్టే బెండు, మోటారు వైండింగ్ షాపులో పారేసిన రాగి తీగ చుట్ట, ఆల్చిప్ప, పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్క. పిల్లలు మొదట బాగుంది, మెత్తగా ఉంది అని ఊరుకున్నారు. ఆవిడ వదల్లేదు. "మెత్తగా అంటే ఎలా నాన్నా, ఇడ్లీలా మెత్తగానా, పిల్లి వీపులా మెత్తగానా?" అని అడుగుతూ పోయారు. అలా అడిగేసరికి ఒక్కొక్కళ్ల నోట్లోంచి మాటలు ఊడిపడ్డాయి చూడండి, గరుకుగా, జిడ్డుగా, పిండిపిండిగా, నూగునూగుగా, ముళ్లముళ్లుగా, జారుడుగా. మా వాడికి ఆల్చిప్ప దొరికింది. చాలాసేపు గలీబు లోపలే తడిమి తడిమి, "బయట మన మేడ గోడ, లోపల నా పన్ను" అన్నాడు. టీచరుగారు నవ్వలేదు, ఆ మాటని అలాగే ఒక అట్ట మీద రాసి, ఆల్చిప్పని దాని పక్కన దారంతో కట్టి గోడకి తగిలించారు. వాడు ఇంటికొచ్చేదాకా ఆ సంగతే చెప్పాడు.

ఆ రోజు చేసింది ఒక బుల్లి పుస్తకం. అక్షరం ముక్క ఉండదు. పేజీకో రకం, గోనె, గరుకు కాగితం, బిస్కెట్ ప్యాకెట్టు వెండి కవరు, పాత పట్టుచీర అంచు, వల. ఒక పక్క రంధ్రాలు పొడిచి పురికొసతో కట్టేశారు. ఇటలీలో బ్రూనో మునారి అనే కళాకారుడు ఇంకా చదవడం రాని పిల్లల కోసం 1980లో ఇలాంటివే 12 చేశారట, ఒక్కోటీ 10 సెంటీమీటర్ల చదరం, కాగితంతో ఒకటి, చెక్కతో ఒకటి, గుడ్డతో ఒకటి. ఈ కబురు పెద్దవాళ్లకే చెప్పారు, పిల్లలు అప్పటికే కట్టే పనిలో పడిపోయారు. ఇంట్లో ఆ పుస్తకం ఇప్పటికి రెండు పేజీలు ఊడింది. రాత్రి లైటు తీసేశాక దుప్పట్లో దాన్ని తడుముకుంటూ పడుకుంటున్నాడు కాబట్టి ఊడక ఏం చేస్తుంది.

రెండో ఆదివారం మక్కు. కొండపల్లి బొమ్మలు కొన్నవాళ్లకి కూడా ఈ మాట తెలియకపోవచ్చు. తేలికైన పొణికి చెక్కతో తల, చేతులు, ఒళ్లు విడివిడిగా చెక్కుకుని, చింతగింజల పిండి, రంపప్పొట్టు కలిపిన ముద్దతో వాటిని అతుకుతారు, ఆ ముద్దే మక్కు. అంటే పులుసు పిండుకుని మనం బయట పడేసే పిక్కలు, కలప అడితిలో కాళ్ల కింద పడే పొట్టు. ఈ రెంటినీ కలిపితే గట్టిపడ్డాక చెక్కలా ఉంటుంది. టీచరుగారు పిక్కలు వేయించి, పైతొక్క తీసి, రాత్రంతా నానబెట్టి, రుబ్బి, ఉడకబెట్టి తెచ్చారు. గిన్నె మూత తీస్తే వేయించిన పిక్కల కమ్మటి వాసన, ముద్ద మాత్రం జావలా సాగుతోంది. నాకు గుండెల్లో రాయి పడింది, మా వాడు ఇంక దీని దగ్గరికి రాడు అనుకున్నా.

రాలేదు కూడా. అరగంట సేపు జల్లెడ పట్టుకుని రంపప్పొట్టు జల్లిస్తూ నిలబడ్డాడు, పొడిది కదా, అది వాడికి హాయి. మిగతా పిల్లలందరూ మోచేతుల దాకా బంకలో ఉన్నారు. నేను పిలవబోతే టీచరుగారు వద్దని చెయ్యి అడ్డం పెట్టారు. ఆవిడ చేసిందల్లా ఒక్కటే, రెండు పళ్లేలు తెచ్చి వాడి ముందు పెట్టి వెళ్లిపోయారు, ఒకదాంట్లో పొట్టు, ఒకదాంట్లో ముద్ద. వాడు ముందు చీపురుపుల్లతో ముద్దని పొడిచాడు. పుల్లని పొట్టులో ముంచాడు. పుల్లకి కోటు పడింది. మళ్లీ ముంచాడు, లావయింది. తర్వాత చూపుడువేలి కొస ముద్దకి తాకించి వెంటనే పొట్టులో పెట్టేశాడు, తడి పోయింది. అదే వాడు కనిపెట్టిన కిటుకు. చపాతీ కర్రకి పిండి రాసినట్టు చేతులకి ముందే పొట్టు రాసుకుంటే ముద్ద అంటుకోదని వాడే తెలుసుకున్నాడు, పక్కనున్న పాపకి కూడా చెప్పాడు! పదిన్నరకి జల్లెడ దగ్గర ఉన్నవాడు పన్నెండింటికి నిమ్మకాయంత ఉండ చేశాడు. నేను పక్కకి తిరిగి కళ్లు తుడుచుకున్నా, దాచుకోవడమెందుకు.

ఆ ఉండకి కాళ్లు కావాలన్నాడు. ఒక మూల బస్తాలో ఏటికొప్పాక నుంచి తెచ్చిన అంకుడు కర్ర ముక్కలు ఉన్నాయి, తరిణి మీద, అంటే కర్రని గుండ్రంగా తిప్పే యంత్రం మీద, బొమ్మలు చేస్తున్నప్పుడు మిగిలిపోయేవి. కొన్నిటికి ఇంకా లక్క రంగు ఉంది. తిరుగుతున్న కర్రకి లక్క కణిక ఆనిస్తే రాపిడి వేడికే కరిగి పట్టేస్తుందని, తర్వాత మొగలి ఆకుతో రుద్దితే ఆ మెరుపు వస్తుందని ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదువుతూ ఇక్కడ సాయం చేసే అబ్బాయి చెప్పాడు. 2017లో జీఐ (ఆ ఊరి ప్రత్యేకత అని చెప్పే భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన బొమ్మలవి, మనకి ఇంత దగ్గర్లో ఉండి కూడా నేను ఆ మెరుపు వార్నిష్ అనుకునేదాన్ని. మా వాడు ఎర్ర ముక్కలు ఏరుకుని ఏడు కాళ్ల పీత చేశాడు. ఏడేంట్రా అంటే మిగతావి అల పట్టుకుపోయిందన్నాడు.

ఒక జాగ్రత్త. మక్కుని నీడలో ఆరబెట్టమని ఆవిడ గట్టిగా చెప్పారు, నేను తొందరపడి బాల్కనీలో మే నెల ఎండలో పెట్టాను, సాయంత్రానికి వీపు మీద పెద్ద పగులు. వాడు ఏడుస్తాడేమో అని టెన్షన్ పడ్డాను, పీత చిప్ప అలాగే పగులుతుంది అన్నాడు. తర్వాతి వారం పట్టుకెళ్తే ఆ పగుల్లో కొత్త మక్కు నింపి, దాని మీద విరిగిన గాజు ముక్క ఒకటి పొదిగించారు. ఇప్పుడు అతుకున్న చోటే అందంగా ఉంది. అన్నట్టు ఇక్కడ జిగురు ఏ వారానిది ఆ వారమే కాస్తారు. పోస్టర్లు అంటించేవాళ్లు మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు, ఇంట్లో ఎవరైనా అలా చేద్దామనుకుంటే పిల్లల దగ్గర అస్సలు వద్దు, అది విషం.

మూడో వారం మా అత్తయ్యగారు వచ్చారు. డెబ్బై దాటాయి, భీమిలి వైపు పల్లెలో పుట్టి పెరిగినావిడ. "నాలుగొందలిచ్చి తుక్కు తెచ్చుకుంటారేటమ్మా" అని మొదటినుంచీ ఆవిడ మాట. ఆ రోజు చేసింది వాన గొట్టం. బట్టల షాపులో తానులు చుట్టి వచ్చే అట్ట గొట్టాలు ఉంటాయి కదా, పూర్ణా మార్కెట్ దగ్గర ఒక కొట్లో అడిగితే ఊరికే ఇచ్చేశారు, ఎలాగూ పారేసేవే. గొట్టం చుట్టూ పై నుంచి కింద దాకా దారం మెలికలుగా చుట్టి ఆ దారి వెంట పెన్సిల్‌తో గీత గియ్యాలి. గీత మీద వేలెడు వేలెడు దూరంలో మేకుతో రంధ్రాలు. ఆ రంధ్రాల్లోంచి చీపురుపుల్లలు అడ్డంగా దూర్చి, బయటికొచ్చిన కొసలు కత్తిరించి, పైన కాగితం అంటించాలి. ఒక మూతికి గుడ్డ కట్టి, లోపల గింజలు పోసి, రెండో మూతి అరచేత్తో మూసి తిప్పి వినాలి. నచ్చేదాకా మార్చుకోవాలి.

ఇక్కడే అసలు ఆట. పుల్లలు తక్కువైతే గింజలన్నీ దబ్బున ఒకేసారి కింద పడతాయి, వాన కాదు, బస్తా దింపినట్టుంటుంది. పుల్లలు పెరిగేకొద్దీ గింజ గింజా ఆగి, తగిలి, పక్కకి జారి, మళ్లీ తగిలి దిగుతుంది. బియ్యం పోస్తే తుంపర. పెసలు పోస్తే జల్లు. చింతపిక్కలు పోస్తే చూరు మీద పెద్ద చినుకులు. ఎనిమిదేళ్ల పాప ఒకత్తి అమ్మ విరిగిన గాజులు పోసింది, అది వాన కాదు గానీ గుడి మెట్లెక్కుతుంటే దూరంగా వినిపించే గజ్జెల్లా ఉంది, దాన్ని ఎవరూ వదల్లేదు. చివర్లో పన్నెండు గొట్టాలు, అందరూ కళ్లు మూసుకుని, టీచరుగారు భుజం తట్టినవాళ్లు తట్టినప్పుడు మెల్లగా తిప్పాలి. నెత్తి మీద కాలిపోతున్న రేకులు, ఒంటినిండా చెమట, చెవుల్లో వాన. ఎవరూ మాట్లాడలేదు.

అత్తయ్యగారే మొదట నోరు విప్పారు. "ఇది మృగశిర కార్తె జల్లు" అన్నారు. పిల్లలు మరి తుఫాను ఎలా ఉంటుందమ్మమ్మా అని అడిగారు, వాళ్లలో చాలామంది అప్పటికి పుట్టలేదు కదా. ఆవిడ 2014 అక్టోబరు 12 గురించి చెప్పడం మొదలుపెట్టారు, హుద్‌హుద్ తీరం దాటిన రోజు ఇంట్లో మంచం కింద కూర్చుని విన్న చప్పుడు, కిటికీ అద్దాలు పగలడం, పక్కింటి రేకులు లేచి లేచి కొట్టుకోవడం. చెప్తూ చెప్తూ మాటలు చాలక, బల్ల మీదున్న పాత ఎక్స్‌రే ఫిల్ము తీసి రెండు చేతులతో పట్టుకుని ఊపారు. వబ్ వబ్ వబ్ అని గాలికి రేకు కొట్టుకున్న చప్పుడే! పిల్లలందరూ ఎక్స్‌రేల కోసం ఎగబడ్డారు. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో ఆవిడ, మోకాళ్లు నొప్పి అనకుండా, వచ్చే వారం ఏం చేస్తారట అని అడిగారు.

నాలుగో వారం ముంజలు తినేసిన తాటికాయలతో రెండు చక్రాల బండి. దాని గురించి నేను చెప్పేదేమీ లేదు, మన ఊళ్లల్లో పెరిగినవాళ్లకి తెలిసిందే, ఆ రోజు టీచరు మా అత్తయ్యగారే.

ఇప్పుడు తగ్గించిన అర మార్కు. మేడ మెట్లలో చివరి వరసకి ఒక పక్క రెయిలింగ్ లేదు. చిన్నపిల్లలుంటే చెయ్యి పట్టుకునే ఎక్కండి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టమే. పదకొండు దాటాక రేకుల కింద వేడి చాలా ఎక్కువ, రెండు ఫ్యాన్లు చాలవు, నీళ్ల సీసాలు పెద్దవి పట్టుకెళ్లండి. వేసవి అయ్యేదాకా ఏడింటికి మొదలుపెడితే బాగుంటుందని చెప్పాను, ఆలోచిస్తామన్నారు. తెచ్చుకోవాల్సిన సామాను గురించి మెసేజ్ శనివారం రాత్రి పదింటికి వస్తుంది, అప్పుడు చింతపిక్కలు ఎక్కడ తేను? నాలుగేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా అందరినీ ఒకే చోట కూర్చోబెడతారు. గింజలు, గాజు ముక్కలు ఉన్న రోజు ఇది మంచిది కాదు, నాలుగేళ్లలోపు పిల్లలు వస్తువు కనిపిస్తే నోట్లోనే పెట్టుకుంటారు, ఇంకో ఏడాది ఆగండి అంటాను. ఒకావిడ అందంగా ఉన్నాయని గురివింద గింజలు సీసాడు తెచ్చారు, టీచరుగారు వెంటనే తీసి పైన పెట్టేశారు, అవి నమిలితే ప్రాణం మీదకొస్తుంది. ఆ జాగ్రత్త టీచరుగారికి ఉంది, కానీ కళ్లు పన్నెండు మంది మీద ఉండవు కదా, ఇంకో మనిషి కావాలి.

నాకు కోపం వచ్చింది మాత్రం ఒక్కసారే. రెండో వారం చివర్లో ఆ సాయం చేసే అబ్బాయి, ఫొటోల్లో బాగా పడతాయని బంగారు రంగు స్ప్రే తెచ్చి నాలుగైదు బొమ్మలకి కొట్టేశాడు. గోనె గోనెలా లేదు, చెక్క చెక్కలా లేదు, అన్నీ ఒకటే మెరుపు, ఒకటే ఘాటు వాసన. మూడు గంటలు పిల్లలు వేళ్లతో కనుక్కున్న తేడా అంతా ఒక్క నిమిషంలో పోయింది. టీచరుగారితో చెప్తే ఆవిడకి కూడా నచ్చలేదని అర్థమైంది, తర్వాత రెండు వారాలు స్ప్రే కనిపించలేదు.

ఇంకో మాట, ఇది క్లాసు మీద ఫిర్యాదు కాదు, మన ఊరి గురించి ఆశ. ఇటలీలో రెజ్జో ఎమీలియా అనే ఊళ్లో 1996 నుంచి ఒక కేంద్రం ఉంది, ఫ్యాక్టరీల్లో మిగిలిపోయిన ముక్కలు, గొట్టాలు, గుడ్డలు, తోళ్లు తెచ్చి శుభ్రంగా రకాలవారీగా సర్ది, బడులకి ఇస్తారు. మన దగ్గర ఏం తక్కువ? గాజువాక ఆటోనగర్ ఉంది, ఫిషింగ్ హార్బర్ ఉంది, అచ్యుతాపురం వైపు బట్టల ఫ్యాక్టరీలున్నాయి, సందుకో టైలరు, వీధికో వైండింగ్ షాపు. ఇప్పుడు ఒక్క టీచరుగారు స్కూటీ వెనక సంచి కట్టుకుని తిరిగి తెస్తున్నారు. ఎవరైనా ఒక ఖాళీ గది ఇస్తే ప్రభుత్వ బడుల పిల్లలకి కూడా అందుతుంది, రూ.400 అందరూ పెట్టలేరు. ఫీజు కట్టలేనివాళ్లకి ఆవిడ అడక్కుండానే వదిలేస్తున్నారని నాకు తెలుసు, అయినా అది ఒక్కరి మీద పెట్టే భారం కాదు.

మా వాడు పెరుగన్నం ఇంకా చెంచాతోనే తింటున్నాడు, అందులో మార్పేమీ లేదు, అలాంటి ఆశతో వెళ్లకండి. కానీ మొన్న బీచ్‌లో పొడి ఇసుక చేతులకి రాసుకుని, ఆ చేతులతో తడి ఇసుక పిడికెడు తీశాడు.

ఈ ఆదివారం సైకిల్ వాల్వు ట్యూబు, అగ్గిపుల్లలట. ట్యూబుని చిన్న ముక్కలు కోసి, పుల్లల కొసలు వాటిలో దూర్చి త్రికోణాలు, ఇళ్లు కట్టడం, ఐఐటీ కాన్పూర్‌లో చదివి 1978లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ పల్లె బడుల సైన్సు కార్యక్రమానికి వెళ్లిన, తుక్కుతో బొమ్మలు చేసి సైన్సు నేర్పే అరవింద్ గుప్తాగారి ఆట అది, ఆయనకి 2018లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఈసారి మెసేజ్ గురువారమే వచ్చింది! మా వీధి చివర పంక్చర్ షాపులో చెప్పి పెట్టాను. పాత ట్యూబులు ఉన్నవాళ్లు పారేయకుండా పట్టుకురండి, సబ్బు నీళ్లతో కడిగి తెస్తే ఇంకా మంచిది.